మెట్ల మీద న్యాయశాస్త్రం

తెల్లవారుజామున నాలుగున్నరకి
డకార్ ఇంకా ముసుగు తీయదు.
మేం మాత్రం తాళం వేసిన తలుపు ముందు వరసలో ఉంటాం.
వరస అంటే మనుషులే అక్కర్లేదు:
ఒక నోటుబుక్కు, అది ఎగిరిపోకుండా పైన ఒక రాయి,
ఒంటి చెప్పు, ఖాళీ నీళ్ళ సీసా,
ఎవరిదో పళ్ళు రాలిన దువ్వెన.
మా సామాన్లు మా తరఫున నిలబడతాయి,
మేం గోడవార కునుకు తీస్తాం.

ఏడు వందల మందికని కట్టిన హాలు.
మేం రెండు వేలు.
మొదటి రోజు ఈ లెక్కకి నవ్వొచ్చింది.
తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు.

తలుపు తీశాక రాళ్ళని ఎవడు పట్టించుకుంటాడు,
మోచేతులదే రాజ్యం.
నాకు దక్కేది ఎప్పుడూ మెట్లే,
పైనుంచి నాలుగోది, అంచు విరిగింది.
మోకాలే బల్ల.

కింద, చాలా కింద, అగ్గిపుల్ల తలంత ప్రొఫెసర్.
మైకు ఉంది.
కరెంటు ఉంటే కూస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది.
అప్పుడు పాఠం నోటి నుంచి నోటికి ఎక్కి వస్తుంది,
ఇల్లు కట్టేచోట ఇటుకలు అందించుకున్నట్టు.
దారిలో కొన్ని జారిపడతాయి.

నా ముందు మెట్టు మీద ఒకమ్మాయి.
నాకు తెలిసింది ఆమె మెడ వెనకభాగమే:
బిగించి అల్లిన సన్నజడలు,
ఎడమ చెవి వెనక చిన్న కాలిన మచ్చ.
తల తిప్పకుండా భుజం మీదుగా చెబుతుంది,
ఒక్కో వాక్యం, కామాలతో సహా.
ఒప్పందాల చట్టం నాకు ఆ గొంతులోనే వచ్చు.
ఏ సెక్షన్ తలుచుకున్నా
కొంచెం జలుబు చేసినట్టు వినిపిస్తుంది.

ఓ రోజు ఆమె రాలేదు.
ఆ రోజు మాదాకా వచ్చిన వాక్యం:
'మౌనం అంగీకారం.'
రాసుకున్నాం, మెట్ల వాళ్ళం, కిటికీల్లో వేలాడే వాళ్ళం,
కింద గీత కూడా గీసుకున్నాం.
ఆయన అన్నది 'మౌనం అంగీకారం కాదు' అని.
'కాదు' పదమూడో వరసలో ఎక్కడో పడిపోయింది.
పరీక్షలో మెట్లకి మెట్లే ఫెయిలయ్యాయి.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో చేపా అన్నం.
స్కాలర్‌షిప్ రాని నెలల్లో
నాకూ మావ్‌దోకీ కలిపి ఒక టికెట్టు, ఒక పళ్ళెం.
వంతులు పెట్టుకోం.
కబుర్లలో పడి ఒకడు తినడం మరిచిపోతే
రెండోవాడి అదృష్టం.
అందుకే ఆ నెలల్లో మేం పెద్దగా మాట్లాడుకోం.

నేను పడుకునే గది నాది కాదు.
తలుపు మీది కాగితంలో రెండు పేర్లు, లోపల ఏడుగురం.
నా చోటు తలుపుకీ అలమారాకీ మధ్య.
నేను లేవనిదే ఆ గదికి తెల్లారదు.
ఓ రాత్రి తనిఖీకి వచ్చిన వార్డెన్
టార్చి వేసి అడిగాడు, 'ఈ పరుపు ఎవరిది?'
మూడుసార్లు అడిగాడు.
ఎవరి గొంతూ పెగల్లేదు.
పరుపు మీద నేనే ఉన్నాను, కళ్ళు మూసుకుని.
ఆయనా ఇంకేమీ అనలేదు.
టార్చి ఆర్పి, తలుపు మెల్లగా దగ్గరికి లాగి పోయాడు.
చీకట్లో సాదియో గొణిగాడు:
'మన మెట్ల మీద రాసుకున్నదే కరెక్టేమోరా, బిరాన్.'
నవ్వు ఆపుకోలేక
గోడవైపు తిరిగాం ఏడుగురం.

మార్చి. ఎడారి దుమ్ము.
దగ్గులే సగం పాఠం.
నాకు ఆ రోజు ఒక మెట్టు కిందికి చోటు దొరికింది.
మైకు కూసి, ఆగిపోయింది.
వెనక ఎవరో రొప్పుతూ వచ్చి కూలబడ్డారు.
భుజం మీద వేలు తట్టింది.
'ఏమన్నారు?'

అదే జలుబు గొంతు.

తిరిగి చూడొచ్చు.
ఇన్నాళ్ళకి మొహం చూడొచ్చు.
కానీ కింద వాక్యం బయల్దేరింది,
పదమూడో వరస దాటింది,
పెదవి మారుతూ, తడబడుతూ, పైకి వస్తోంది.
తల తిప్పలేదు.
చివర ఉండే చిన్న మాటని
ముందు గట్టిగా పట్టుకున్నాను.
తర్వాత మిగతా వాక్యంతో కలిపి
భుజం మీదుగా అందించాను.